తిరుగు అనువాదం సరిపోయింది, అమ్మాయిల జవాబులు సరిపోలేదు: ఈట్-26 తెలుగు ప్రతి గురించి సలహా కావాలి

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

నమస్కారం. మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది రెండో ఏడు. అనొరెక్సియా (తిండి తగ్గించి బాగా చిక్కిపోవడం), బులీమియా (ఆపుకోలేక తిని, ఆపై వాంతి వంటివి చేసుకోవడం) లాంటి ఈటింగ్ డిజార్డర్లను ముందుగా పసిగట్టడానికి వాడే ఈట్-26 ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చి పరీక్షించడం నా పని. డేవిడ్ గార్నర్, పాల్ గార్ఫింకెల్ 1979లో 40 వాక్యాలతో ప్రచురించిన దాన్నే 1982లో 26 వాక్యాలకు కుదించారు. ఒక్కో వాక్యానికి ‘ఎల్లప్పుడూ’ నుంచి ‘ఎప్పుడూ లేదు’ దాకా ఆరు జవాబులుంటాయి. మొదటి మూడింటికే 3, 2, 1 మార్కులు, మిగతా మూడింటికీ సున్నా. ఒక్క వాక్యానికి మాత్రం మార్కులు తలకిందులుగా వేస్తారు. మొత్తం 20 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుల దగ్గరకు పంపాలి. ఇక్కడ చాలామందికి ఇది తెలిసినదే, తెలియనివారి కోసం రాశాను.

పద్ధతి తప్పకుండా చేశాననే అనుకున్నాను. ఇద్దరు విడివిడిగా తెలుగు చేశారు. ముగ్గురం కూర్చుని ఆ రెండింటినీ ఒకటి చేశాం. అసలు ప్రశ్నావళిని ఎన్నడూ చూడని ఒకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే 24 వాక్యాలు దాదాపు మాటకు మాట సరిపోయాయి. మా గైడ్ సంతోషించి, ఇక 300 మందికి పంచి, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే ఆల్ఫా అన్న అంకెను లెక్కగట్టమన్నారు.

పంచే ముందు, నింపడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని తొమ్మిది మంది అమ్మాయిలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టాను. అందరికీ 18 నుంచి 21 ఏళ్ళు. చేతిలో గడియారం తప్ప ఇంకే ఆలోచనా లేదు నాకు. రెండో అమ్మాయి ఇచ్చిన కాగితం కూడితే 22 వచ్చింది. కంగారుపడి, ఏ జవాబు ఎందుకు పెట్టిందో నెమ్మదిగా అడిగాను.

‘ఆహారం నా జీవితాన్ని నియంత్రిస్తుంది’ అన్నచోట ‘ఎల్లప్పుడూ’ పెట్టింది. ఎందుకంటే, “తిండి లేకపోతే ఎవరం బతుకుతాం మేడమ్?” అంది. ‘తిండి విషయంలో నిగ్రహం చూపిస్తాను’ అన్నచోటా ‘ఎల్లప్పుడూ’. “నిగ్రహం మంచి గుణం కదా, లేదని ఎలా రాయమంటారు?” ‘ఆహారాన్ని చిన్న ముక్కలుగా చేసుకుంటాను’ అన్నదానికి, పెద్ద ముక్క గొంతుకు అడ్డం పడుతుందని జవాబు. తనది నిదానంగా తినే అలవాటు, ఇంట్లోవాళ్ళు ఇంకొంచెం తినమంటారు, సన్నగా ఉన్నావని స్నేహితులంటారు. ఇలా ఆరు వాక్యాలకు మూడేసి చొప్పున 18 అక్కడే వచ్చేశాయి. ఆ అమ్మాయి హాయిగా తింటుంది, తన ఒంటి గురించి ఏ దిగులూ లేదు. నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఏడో అమ్మాయికి 9 వచ్చింది. కాగితం ఇచ్చి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది. “ఇందులో నా సంగతి లేదు మేడమ్” అంది. మళ్ళీ కూర్చోబెట్టాను. కొన్ని నెలలుగా తినలేకపోతోందట. కొద్దిగా తినగానే కడుపు నిండిపోయి, ఉబ్బిపోయినట్టు ఉంటుందట. భోజనం వేళ దగ్గరపడుతోందంటే భయం. బట్టలన్నీ వదులైపోయాయి. కానీ లావవుతానేమోనన్న భయం గురించి అడిగిన ప్రతి వాక్యానికీ ‘ఎప్పుడూ లేదు’ అనే పెట్టింది. అబద్ధం కాదు, ఆమెకు నిజంగా ఆ భయం లేదు. ఆ పూటే నేను వెంట ఉండి కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్ళాను, ఇప్పుడు డాక్టర్లు చూస్తున్నారు. ఆమె ఒప్పుకున్నాకే ఇంత మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 300 మందికి పంచేసి ఉంటే, 22 వచ్చిన అమ్మాయిని ప్రమాదంలో ఉన్నట్టు, 9 వచ్చిన అమ్మాయిని ఆరోగ్యంగా ఉన్నట్టు రాసి ఉండేదాన్ని. ఆల్ఫా బాగానే వచ్చేది. థీసిస్ కూడా ఆమోదం పొందేది.

నేను అడగదలచుకున్నవి ఇవి. తిరుగు అనువాదం అంత చక్కగా కుదిరినప్పుడు మనుషుల దగ్గర ఎందుకు తప్పింది? వాక్యాలు మార్చుకోవచ్చా, మారిస్తే 20 అన్న కటాఫ్ చెల్లుతుందా? ఇలా పక్కన కూర్చుని ఎంతమందిని అడగాలి? ఏడో అమ్మాయి లాంటివారిని ఈ ప్రశ్నావళి ఎప్పటికైనా పట్టుకోగలదా? మా గైడ్‌ను ఎదిరించాలని లేదు, ఆయన మంచివారే. కానీ ‘అందరూ ఇలాగే చేస్తారు’ అన్న మాటతో నేను ముందుకు వెళ్ళలేను.

జవాబు: క్లినికల్ సైకాలజిస్ట్‌ని

మీరు ఆ అమ్మాయి వెంట వెళ్ళారు. ఈ పనిలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది అదే. 300 మందికి పంచే రోజున కూడా ఎవరైనా తలుపు దగ్గర ఆగుతారు. ఆ రోజు ఎవరిని పిలవాలి, ఎంత స్కోరు వస్తే మీరే వెళ్ళి పలకరించాలి, వాంతుల గురించి ‘తరచుగా’ అని పెట్టినవారిని ఎంత త్వరగా కలవాలి అన్నది ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఈట్-26 సూచనల్లోనే ఒక సంగతి ఉంది, చాలామంది వదిలేస్తారు: స్కోరు ఒక్కటే చూడకూడదు. చివరన అడిగే ప్రవర్తనల జవాబులు, ఎత్తుకు తగిన బరువు ఉందా లేదా అన్నవి కూడా చూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా నిపుణుల దగ్గరకు పంపాలి. మీ ఏడో అమ్మాయి బరువు నమోదు చేసి ఉంటే 9 స్కోరుతోనే ఆమె మీ కంట పడేదేమో. పైగా ఇది వడపోత సాధనం మాత్రమే. రోగం ఉందని గానీ లేదని గానీ తేల్చే అధికారం దానికి లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ‘ఆహారం నా జీవితాన్ని నియంత్రిస్తుంది’ అన్న వాక్యాన్ని గట్టిగా చదివి చూడండి. తెలుగువారెవరూ అలా మాట్లాడరు. అది తెలుగు లిపి తొడుక్కున్న ఇంగ్లీషు వాక్యం. ఇంగ్లీషు వచ్చినవారి చేతికిస్తే ఆ తొడుగు తీసేసి లోపలున్నది మీకు అప్పగిస్తారు. తెలుగు ఎంత కృతకంగా ఉంటే తిరుగు అనువాదం అంత చక్కగా కుదురుతుంది! అదే ‘రోజంతా తిండి గురించిన ఆలోచనలే నన్ను పట్టుకుని ఆడిస్తున్నట్టు ఉంటుంది’ అని రాసి ఉంటే, తిరిగి ఇంగ్లీషులోకి వచ్చేసరికి మాటలు తేడాగా ఉండేవి, కమిటీ అభ్యంతరం చెప్పేది, కానీ ఆ అమ్మాయికి అర్థమై ఉండేది. తిరుగు అనువాదాన్ని 1970లో ప్రచారంలోకి తెచ్చిన రిచర్డ్ బ్రిస్లిన్ కూడా దాని మీదే పూర్తిగా ఆధారపడమని చెప్పలేదు. తర్వాతివారు మిగతా మెట్లు దిగమింగి ఆ ఒక్క మెట్టును మిగిల్చుకున్నారు.

మీకు తెలియకుండానే మీరు చేసిన పనికి ఒక పేరుంది, కాగ్నిటివ్ ఇంటర్వ్యూ. గైడ్‌గారితో ఆ పేరుతోనే మాట్లాడండి, కొత్తగా కనిపెట్టిన పనిలా అనిపించదు. ప్రశ్నావళుల అనువాదం గురించి 2005లో ఐస్పోర్ అనే అంతర్జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ బృందం ప్రచురించిన మార్గదర్శకాల్లో ఇది తప్పనిసరి మెట్టు, ఐదు నుంచి ఎనిమిది మందితో చేయమంటారు. 2000లో డోర్కస్ బీటన్ బృందం రాసిన పద్ధతిలో ముందస్తు పరీక్షకు 30 నుంచి 40 మంది. నా అలవాటు వేరు. ఎనిమిది మందితో ఒక విడత కూర్చుంటాను, వాక్యాలు దిద్దుతాను, కొత్తగా మరో ఎనిమిది మందితో కూర్చుంటాను. ఒక విడత మొత్తం కొత్త చిక్కు లేకుండా గడిచేదాకా ఆపను. వారిలో కనీసం కొందరు ఈ జబ్బుతో చికిత్స పొందుతున్నవారై ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవారిని మాత్రమే అడిగితే వాక్యం సులువుగా ఉందో లేదో తెలుస్తుంది, అది తగలవలసిన చోట తగులుతోందో లేదో తెలియదు.

అడిగే తీరు కూడా చూసుకోవాలి. ‘అర్థమైందా?’ అని ఎప్పుడూ అడగకండి, అందరూ తల ఊపుతారు. ‘ఈ వాక్యాన్ని మీ మాటల్లో చెప్పండి’ అనండి. ‘ఈ జవాబు దగ్గర టిక్కు పెట్టేటప్పుడు ఏ రోజు, ఏ సందర్భం గుర్తొచ్చింది?’ అని అడగండి. నేను ఈటింగ్ డిజార్డర్ల మీదే ఉన్న మరో ప్రశ్నావళి, ఈడీఈ-క్యూ మీద పనిచేసినప్పుడు ‘అతిగా తినడం’ అన్న మాటను ఒకావిడ ధీమాగా ఒప్పుకున్నారు. ఏ సందర్భమని అడిగితే, నలుగురితో కలిసి విందులో కడుపునిండా తిన్న రోజు చెప్పారు. ఆ ప్రశ్నకు కావలసింది రెండు షరతులు: అలాంటి పరిస్థితిలో మరెవరైనా చాలా ఎక్కువ అనుకునేంత తినడం, ఆపుకోలేకపోతున్నానన్న భావన ఉండటం. రెండోది లేని తిండి విందు అవుతుంది గానీ, ఆ ప్రశ్న అడిగే బింజ్ (అదుపు తప్పి అతిగా తినడం) కాదు. చివరికి మేము ఒకే మాట కోసం వెతకడం మానేసి, ‘ఆపాలనుకున్నా ఆపలేక తింటూనే ఉండటం’ అని విడమరిచి రాశాం.

మీ ఇద్దరమ్మాయిల కథలూ వేర్వేరు, వాటిని కలపకండి. రెండో అమ్మాయిది ఎక్కువగా మాటల చిక్కు. ఇలాంటిది 1989లోనే మైఖేల్ కింగ్, దినేశ్ భుగ్రా ఉత్తర భారతదేశంలోని పాఠశాల బాలికల మీద ఈట్ వాడినప్పుడు బయటపడింది. కొన్ని వాక్యాలను అమ్మాయిలు అడిగినవారి ఉద్దేశంలో కాక తమ జీవితంలోని అర్థంలో చదువుకున్నారు, స్కోర్లు ఉత్తినే పెరిగాయి. ఏడో అమ్మాయి విషయంలో మాత్రం మీ తెలుగు తప్పేమీ లేదు. ఆ ప్రశ్నావళి పుట్టిన చోట అనొరెక్సియా అంటే లావు భయమే అనుకున్నారు. 1993లో హాంకాంగ్‌లో సింగ్ లీ బృందం 70 మంది అనొరెక్సియా రోగులను పరిశీలిస్తే, వారిలో 41 మందికి లావవుతామన్న భయమే లేదు. కడుపు ఉబ్బరం, ఆకలి లేకపోవడం, తినాలనిపించకపోవడం, వారు చెప్పుకున్నవి ఇవే. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 2013లో వచ్చింది. అందులో, భయం మాటల్లో వ్యక్తం కాకపోయినా బరువు పెరగనివ్వని ప్రవర్తన పట్టుబట్టి కొనసాగితే చాలన్నట్టు నిర్వచనాన్ని సడలించారు. కాబట్టి ఆ అమ్మాయి ‘నా సంగతి లేదు’ అనడం అక్షరాలా నిజం. దాన్ని మీ థీసిస్‌లో ఒక అధ్యాయం చేయండి. ఆమె కోసమని 27వ వాక్యం ఒకటి చేర్చి స్కోరులో మాత్రం కలపకండి. అది ఈట్-26 కాకుండా పోతుంది. విడిగా, వేరే కాగితం మీద అడగండి.

ఒకటి మరిచిపోయాను. వాక్యాలను దిద్దేముందు ప్రశ్నావళి హక్కుదారులకు రాసి అనుమతి తీసుకోండి, ఏ వాక్యం ఎందుకు మారిందో తేదీతో సహా పట్టీ రాసుకోండి.

జవాబు: అనువాదకుడిని

నాకు వైద్యం తెలియదు, మాటలు తెలుసు. ఇలాంటి ప్రశ్నావళులు నాలుగైదు నా చేతి మీదుగా వెళ్ళాయి. మీ ప్రతిలో ఈ చోట్లు ఒకసారి చూసుకోండి.

‘నా ఒంట్లో కొవ్వు ఉందన్న ఆలోచన’ అని రాశారా? కొవ్వు అనగానే మనకు రెండు అర్థాలు తగులుతాయి, రెండోది పొగరు. చదువుతున్నవారి ముఖంలో ఒక క్షణం చిరాకు కనిపిస్తుంది. ‘లావు’ తిట్టు కాకుండా వాడుకోదగ్గ మాట, వీలైనచోట దాన్నే వాడండి. ‘కడుపు’, ‘పొట్ట’ ఒకటి కావు. ఖాళీగా ఉంచుకోవాలనిపించేది కడుపు, బయటికి కనిపించకూడదనిపించేది పొట్ట. రెండు చోట్లా ఒకే మాట రాసిన ప్రతి నేను చూశాను. ఇక ‘డైటింగ్’కు బదులు ‘పథ్యం’ అని రాస్తే డాక్టరు చెప్పినందుకు తినకుండా ఉన్నవారంతా ‘ఎల్లప్పుడూ’ పెడతారు. ఇక్కడ స్వచ్ఛమైన తెలుగు కోసం పట్టుబట్టకండి. డైటింగ్ ఇప్పుడు తెలుగు మాటే.

క్రియల దగ్గర ఇంకో చిక్కుంది, ఇది మన భాషకే ప్రత్యేకం. ‘తింటాను’, ‘చేసుకుంటాను’ అన్నవి అలవాటునూ చెబుతాయి, రేపు చేయబోయేదాన్నీ చెబుతాయి. ‘ఆకలి వేసినా తినను’ అని రాస్తే అది మీ అలవాటా, ప్రతిజ్ఞా? ఒక కుర్రవాడు ఇలాంటి వాక్యానికి ‘ఎప్పుడూ లేదు’ పెట్టి, ‘ఆకలి వేస్తే తింటానండి, ఎందుకు తినను’ అని వాక్యంతో వాదం పెట్టుకున్నాడు. ‘ఆకలి వేసినా తినకుండా ఉండిపోతుంటాను’ అంటే అలవాటన్నది స్పష్టమవుతుంది. ‘వాంతి అవుతుంది’, ‘వాంతి చేసుకుంటాను’ మధ్య తేడా కూడా అలాంటిదే. మొదటిది ఒంట్లో బాగోలేనివారందరికీ వర్తిస్తుంది. అయితే అసలు ప్రశ్నలో ‘కావాలని’ అన్న మాట లేకపోతే మీరు చేర్చవచ్చా అన్నది నిపుణులు చెప్పాలి. నేనైతే చేర్చమని హక్కుదారులనే అడుగుతాను.

వ్యతిరేక వాక్యాల్లో జాగ్రత్త. ‘మీరు తినలేదా?’ అంటే ‘అవును’ అని తినని మనిషీ అంటాడు, ‘లేదు’ అనీ అదే మనిషి అంటాడు. అవును, కాదు జవాబులున్న స్కాఫ్ అనే చిన్న ఈటింగ్ డిజార్డర్ ప్రశ్నావళిలో ఇది ప్రాణం మీదకు తెస్తుంది. 1999లో వచ్చిన ఆ ఐదు ప్రశ్నల్లో ఒకటి, ఇతరులు మరీ సన్నగా ఉన్నావంటున్నా నువ్వు లావుగానే ఉన్నాననుకుంటావా అని. ‘నన్నెవరూ సన్నగా ఉన్నావని అనరు’ అని అక్కడే ఆగిపోయినవారున్నారు. మూడు నెలల్లో ఒక స్టోన్ బరువు తగ్గావా అని మరో ప్రశ్న. స్టోన్ అంటే 6.35 కిలోలు, దాన్ని అలాగే 6.35 అని రాస్తే చదివేవారు తూకం యంత్రం కోసం వెతుక్కుంటారు. అన్నట్టు, ఇంగ్లీషు ముఖ్యపదాల మొదటి అక్షరాలతో కూర్చిన స్కాఫ్ అన్న పేరు ఏ భాషలోకి వెళ్ళినా విరిగిపోతుంది. దాని గురించి బాధపడనక్కర్లేదు.

చివరిగా, మీ ఆరు జవాబుల వరుస. ‘ఎల్లప్పుడూ, సాధారణంగా, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎప్పుడూ లేదు’ అని పెట్టి ఉంటారు. సాధారణంగా ఎక్కువా, తరచుగా ఎక్కువా? ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరి జవాబులూ చదివి, నిన్న సాయంత్రం ఆరు జవాబులనూ ఆరు చీటీల మీద రాసి, మా హాస్టల్‌లో ఐదుగురికి కలిపేసి ఇచ్చాను. ఎక్కువ నుంచి తక్కువకు పేర్చమన్నాను. ఇద్దరే ‘సాధారణంగా’ను రెండో చోట పెట్టారు. ఒకమ్మాయి దాన్ని ‘తరచుగా’ కింద పెట్టింది, మరో ఇద్దరు ‘అప్పుడప్పుడు’ కింద. అడిగితే, ‘సాధారణంగా అంటే మామూలుగా, పెద్ద విశేషం లేకుండా’ అన్నారు. రెండు మార్కుల జవాబు వారి దృష్టిలో సున్నా మార్కుల జవాబు కన్నా తక్కువ! నాలుగు నెలలుగా నా కళ్ళ ముందే ఉన్న కాగితమిది. ‘దాదాపు ఎల్లప్పుడూ’ అని మార్చి మళ్ళీ చీటీలు పంచితే ఐదుగురూ సరైన వరుసలోనే పేర్చారు. అదే ఐదుగురు కాబట్టి ఇది పరీక్ష కిందకు రాదని తెలుసు, రేపు కొత్తవారికి ఇస్తాను.

ఇప్పుడు నా భయమల్లా కటాఫ్ గురించే.

జవాబు: గణాంకాలు బోధిస్తాను

ముందు ఆల్ఫా సంగతి. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటితే చాలనే మాట ప్రతి థీసిస్‌లోనూ చదువుతుంటాను. ఆల్ఫా చెప్పేది వాక్యాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా అన్నదే. నిగ్రహం, నిదానంగా తినడం, చిన్న ముక్కలు, ఇవన్నీ మంచి అలవాట్లుగా చదివే అమ్మాయిలు వాటన్నిటికీ కలిపి ఎక్కువ మార్కులు వేస్తారు, కొందరు అన్నిటికీ కలిపి తక్కువ వేస్తారు. ఆల్ఫా పెరుగుతుంది. అందరూ ఒకే తీరులో పొరబడితే ఆల్ఫా ఇంకా అందంగా కనిపిస్తుంది. అర్థం సరిగా చేరిందా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

వాక్యాల కుదురు చూడాలంటే, ఏ వాక్యాలు కలిసి ఒక గుంపుగా నడుస్తాయో చూపే ఫ్యాక్టర్ విశ్లేషణ చేయండి. ఈట్-26లో డైటింగ్‌కు 13, బులీమియా, తిండి ధ్యాసకు 6, నోటి అదుపుకు 7 వాక్యాలని మూలంలో మూడు గుంపులు. అనువాదాల్లో ఈ మూడూ ఎప్పుడూ అలాగే నిలబడతాయని అనుకోకండి. మీ రెండో అమ్మాయికి మూడేసి మార్కులు తెచ్చిన ఆరింటిలో ఐదు నోటి అదుపు గుంపువే, గమనించారా? జవాబులు వరుస క్రమపు వర్గాలు కాబట్టి మామూలు సహసంబంధాలకు బదులు, అలాంటి జవాబుల కోసమే ఉన్న పాలీకోరిక్ సహసంబంధాలు వాడండి. ఇంగ్లీషు ప్రతితో పోల్చి సగటులు రాయాలనుకుంటే మాత్రం రెండు ప్రతుల్లో నిర్మాణం, లోడింగులు (ఒక్కో వాక్యం తన గుంపుతో ఎంత గట్టిగా ముడిపడిందో చెప్పే అంకెలు), వాక్యాల ఆరంభ స్థాయిలు సమానంగా ఉన్నాయని మెట్టు మెట్టుగా తేల్చాలి. ఆ చివరి మెట్టు దాటకుండా ‘ఈ భాషవారికి సమస్య ఎక్కువ’ అని రాయడం అన్యాయం.

కటాఫ్ గురించి సూటిగా చెబుతాను. 20 అన్నది ఇంగ్లీషు ప్రతి మీద తేలిన అంకె. మాటలు మార్చినా మార్చకపోయినా, తెలుగు ప్రతికి దాన్ని మీరు కొత్తగా నిరూపించుకోవలసిందే. అందుకు స్కోరు తెలియని ఒక నిపుణుడు మనిషితో కూర్చుని ఈడీఈ వంటి క్లినికల్ ఇంటర్వ్యూ చేయాలి, ఆ నిర్ణయంతో మీ స్కోరును పోల్చాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: 20 దాటినవారిని మాత్రమే ఇంటర్వ్యూకు పిలుస్తారు. అలా చేస్తే మీ ఏడో అమ్మాయి లెక్కలోకే రాదు, ప్రశ్నావళి ఎవరినీ వదిలిపెట్టలేదని తేలిపోతుంది. 20 లోపు వచ్చినవారిలోంచి కూడా చీటీ తీసి కొందరిని పిలవండి. ఖర్చు, శ్రమ ఎక్కువే, అయినా దీన్ని తగ్గించుకోకండి.

ఇంకో లెక్క చూడండి. 1000 మందిలో నిజంగా జబ్బున్నవారు 20 మంది అనుకుందాం. మీ ప్రశ్నావళి జబ్బున్నవారిలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 90 శాతాన్ని సరిగా వదిలేస్తుంది అనుకుందాం. చాలా మంచి సాధనమే. జబ్బున్న 20 మందిలో 18 మంది పట్టుబడతారు. మిగతా 980 మందిలో 98 మంది ఉత్తినే పట్టుబడతారు. అంటే మీరు ‘ప్రమాదం’ అని గీత గీసిన 116 మందిలో 98 మందికి ఏమీ లేదు. అనువాదం తప్పై ఆ రెండో 90 కాస్తా 80కి జారితే, ఉత్తినే పట్టుబడేవారు 196 మంది అవుతారు. 300 మందికి పంచి ‘ఇంత శాతం మందికి ఈటింగ్ డిజార్డర్ ఉంది’ అని రాసేవారు ఈ లెక్క ఒకసారి చేసుకోవాలి. మీ గైడ్‌గారికి ఈ పేరా చూపించండి. లెక్కతో ఎవరికీ పేచీ ఉండదు.

జవాబు: ఒకప్పుడు ఈ కాగితం నింపినదాన్ని

నేను పరిశోధకురాలిని కాను. పదిహేడేళ్ళప్పుడు నాకు బులీమియా ఉండేది, ఇప్పుడు లేదు. మీ చర్చ చదువుతుంటే అప్పుడు ఒక గదిలో నింపిన కాగితం గుర్తొచ్చింది.

అది తెలుగులోనే ఉంది, కానీ పరీక్ష పత్రంలా ఉంది. ‘అపరాధ భావన’ అని రాసి ఉంది. ఆ మాట నాకు తెలుసు, కోర్టు వార్తల్లో చదివాను. రాత్రి వంటింట్లో చీకట్లో నిలబడి తిని, ఆ తర్వాత నా మీద నాకే కలిగే అసహ్యానికి ఆ పేరుందని మాత్రం తెలియదు. ‘కాదు’ అని పెట్టాను. ‘తిన్నాక తప్పు చేసినట్టు అనిపిస్తుందా’ అని అడిగి ఉంటే అక్కడే ఏడ్చేసేదాన్ని.

వాంతి ప్రశ్న దగ్గర మాత్రం అర్థమై కూడా, తెలిసే అబద్ధం పెట్టాను. ఎందుకంటే కాగితం పైన నా పేరు ఉంది, కాగితాలు తీసుకునే ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ పేరుస్తున్నారు. మాటలు ఎంత బాగా దిద్దినా, ఆ కాగితం ఎవరి చేతికి వెళుతుందో చెప్పకపోతే నాలాంటివాళ్ళు నిజం రాయరు. మీరు కవరు ఇవ్వండి. పేరుకు బదులు అంకె పెట్టండి, ఆ అంకె ఎవరిదో చూసే హక్కు ఎవరికుందో, ఎందుకుందో ముందే చెప్పండి. నా విషయంలో ఎవరైనా చూసి ఉండాల్సింది. కానీ అందరి ముందూ కాదు.

మీ ఏడో అమ్మాయి తలుపు దగ్గర ఆగిందంటే, మీరు గదిలో ఒక్కరే ఉన్నారు, ఆమె పక్కన కూర్చున్నారు కాబట్టి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరి జవాబులూ అచ్చు తీసుకుని ఈ ఉదయం మా గైడ్‌గారి దగ్గరకు వెళ్ళాను. 116 మంది లెక్క ఆయనే కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నారు. తర్వాత చివరి జవాబు చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. 300 మందికి పంచడం వచ్చే సెమిస్టరుకు వాయిదా వేశాం. ఈలోగా ఎనిమిదేసి మందితో విడతలు, మొదటి విడత సోమవారం మొదలవుతుంది. చికిత్సలో ఉన్నవారితో మాట్లాడటానికి నైతిక కమిటీకి కొత్త దరఖాస్తు రాస్తున్నాను, 20 లోపు వచ్చినవారిని కూడా ఇంటర్వ్యూకు పిలుస్తామని అందులో చేర్చాను. ‘అపరాధ భావన’ నా ప్రతిలోనూ ఉంది. 10వ వాక్యం. ‘తిన్న తర్వాత పెద్ద తప్పు చేసినట్టు అనిపిస్తుంది’ అని మార్చి, పట్టీలో ఈ రోజు తేదీ వేశాను, కారణం దగ్గర మీ మాట రాసుకున్నాను. మీకు అభ్యంతరం ఉంటే చెప్పండి, తీసేస్తాను.

ఏడో అమ్మాయి నిన్న కనిపించింది. కొత్త ప్రతి తయారయ్యాక తనకు చూపించమంది.